ఏటి మానీమంటావో సెప్పు

చందాలడిగే వాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మొహమాటం లేకుండానే చెప్తున్నాను. పలాస కాశీబుగ్గ బస్టాండు దగ్గర జెరాక్సు, నెట్టు కొట్టు పెట్టుకున్న పాపానికి వినాయకుడొచ్చినా నా దగ్గరికే, దసరా వచ్చినా నా దగ్గరికే, కుర్రాళ్ళు క్రికెట్టాడినా నా దగ్గరికే. రసీదు పుస్తకం కనబడగానే కంప్యూటరులోకి తల దూర్చేస్తాను. "మీరే ఇలగంటే ఎలగక్కా" అని కాసేపు నిలబడి, గట్టి పిండమని తిట్టుకుంటూ పోతారు. తిట్టుకోనీ.

అలాంటిదాన్ని మొన్న పొద్దున్న కొట్టు తీసి, ఎవరిదో కాలేజీ ప్రాజెక్టు కోసం నెట్లో ఆ ఉచిత విజ్ఞాన సర్వస్వం తెరిచాను. ఎవరైనా చదువుకోవచ్చు, ఎవరైనా రాయొచ్చు అని పెట్టిన పెద్ద పుస్తకం అది. తెర మీద సగం మేర చందా అడుగుతూ ఒక పెట్టె వచ్చింది. మేం ప్రకటనలు వేసుకోం, మీలాంటి వాళ్ళిచ్చే దాంతోనే నడుస్తున్నాం, చదివేవాళ్ళలో చాలామంది ఏమీ ఇవ్వరు, మీరైనా ఇవ్వండి అని. ఏటా వచ్చేదే. మూలనున్న ఇంటూ గుర్తు నొక్కితే పోతుంది. ఇన్నేళ్ళూ నొక్కుతూనే ఉన్నాను. మొన్న మాత్రం వేలు కదల్లేదు. ఆ పెట్టెని గుమ్మంలోకి వచ్చిన మనిషిలా చూసిన ఒకాయన ఉండేవాడు. ఆయన పోయి ఇంకా నెల మాసికం కూడా కాలేదు.

ఆయన పేరు రాయను. తన పేరు నలుగురిలో వినబడడం ఆయనకే గిట్టదు. నేను మావా అనేదాన్ని. చుట్టరికమేం లేదు, మా వైపు పెద్దవాళ్ళని అలాగే పిలుస్తాం. ఆయన నన్ను కోడలా అనేవాడు. పలాసకీ సముద్రానికీ మధ్యనున్న ఉద్దానంలో వాళ్ళ ఊరు. కొంచెం వరి, కొంచెం కొబ్బరి, కొంచెం జీడి. తుపానుకి కొబ్బరి పడిపోయాక తోటలో జీడే మిగిలింది.

మొదటిసారి భార్య రిపోర్టులు కాపీలు తీయించడానికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి, "నమస్కారం! రిపోర్టులు! రెండేసి కాపీలు!" అని ఒక్క కేక పెట్టాడు. ఉలిక్కిపడి చచ్చాను! "ఇక్కడెవరికీ చెవుడు లేదు బాబూ" అన్నాను. తర్వాత తెలిసింది అది కేక కాదు, అలవాటని. వాళ్ళూరి అమ్మోరి సంబరానికి చందాలు వసూలు చేసేదీ, ఇచ్చినవాళ్ళ పేర్లు మైకులో చదివేదీ ఆయనే. మీసాలు రాని రోజుల్నించీ అదే పని. మైకు లేకపోయినా నోరు తెరిస్తే చాలు, కుడి పిడికిలి గడ్డం దగ్గరికి వచ్చేసేది. టీ చెప్పినా అంతే. "ఒక టీ! పంచదార లేకండా!" అని, పేరుకీ పేరుకీ మధ్య ఆగినట్టు కాసేపు ఆగేవాడు. బస్సులెక్కేవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవారు. "గొంతు తగ్గించు మావా, పరువు పోతోంది" అంటే, "తగ్గించే మాటాడతన్నానే" అనేవాడు.

చందా వసూలులో ఆయన పద్ధతి వేరట. ఒకరింటి ముందు నిలబడితే చందా మాటే ఎత్తడు. గేదె ఈనిందా, జీడిపిక్కలు ఏ ధర పలికినాయి, మీ అత్తకి మోకాళ్ళు తగ్గినాయా అని అడుగుతూనే ఉంటాడు. చివరికి ఆ ఇంటాయనకే సిగ్గేసి "ఇంతకీ మాకెంత ఏసినారు?" అనాలి. "నానడక్కూడదే కోడలా. ఆడే అడగాల. అప్పుడిచ్చింది అమ్మోరికి సేరతాది" అనేవాడు. ఇవ్వనివాణ్ణి పల్లెత్తు మాట అనడు. లెక్కల దగ్గర మాత్రం కసాయి. సంబరం అయిన మర్నాడు రామమందిరంలో ఊరంతా కూర్చుంటుంది. బిల్లు లేని ఖర్చు ఒప్పుకోడు. సొంత తమ్ముడు పూలదండలకి బిల్లు తేలేదని ఆ డబ్బు తమ్ముడి చేతే కట్టించాడు. ఆ తమ్ముడు చాన్నాళ్ళు మాట్లాడలేదట.

వాళ్ళూళ్ళో ఇంకో కట్టుబాటు ఉంది. చందా కట్టినవాడెవడైనా ఆ మర్నాడు లేచి నిలబడి, నా డబ్బుతో ఏం చేసారని అడగొచ్చు. ఎంత తక్కువ కట్టినా సరే, వాడికి జవాబు చెప్పి తీరాలి. కట్టనివాడు కూర్చుని వినాలంతే. ఈ మాట ఆయన నాకు నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వుతూ విన్నాను.

ఆ మొదటి రోజే, కాపీలవుతుంటే నా తెర వైపు వంగి చూసాడు. జీడిమామిడి గురించిన పేజీ తెరిచి ఉంది. రెండు లైన్లు మైకులో చదివినట్టు చదివి, "ఇదేటి పుస్తకమే?" అన్నాడు.

చెప్పాను.

"ఎవుడు రాసినాడు?"

"ఎవరు పడితే వాళ్ళు. తెలిసినవాళ్ళు రాస్తారు, తప్పుంటే ఇంకొకళ్ళు దిద్దుతారు."

"ఆలకి డబ్బులెవుడిత్తాడు?"

"ఎవడూ ఇవ్వడు. ఊరికే రాస్తారు."

మొహం విప్పారిపోయింది. "మన సంబరంలాగే!" అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని అడిగాడు. "మన రోగం గురించి రాసినారేటి అందులో?"

మన రోగమంటే ఏమిటో ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. ఉద్దానంలో ఏ ఊరికెళ్ళినా కిడ్నీలు పోయినవాళ్ళే. తాగుడు లేదు, షుగరు లేదు, పొద్దస్తమానం మట్టిలో పనిచేసే మనుషులు. ముందు ఆకలి చస్తుంది, తర్వాత కాళ్ళు వాస్తాయి, తర్వాత రిపోర్టులు పట్టుకుని పలాస వస్తారు. నా మిషను మీద ఆధార్ కార్డుల తర్వాత ఎక్కువ పడేది ఆ రిపోర్టులే. కిడ్నీలు ఎంత పోయాయో చెప్పే క్రియాటినిన్ అంకె చూసి మనిషి మొహం చూడకుండా ఉండడం నేను నేర్చుకున్నాను. నేర్చుకోకపోతే కొట్టు నడవదు.

ఆ పేజీ ఉంది. తెరిచాను. ఆయన పిడికిలి గడ్డానికి చేరింది. మొదట్నించీ గట్టిగా చదువుకుంటూ వచ్చాడు. "వ్యాధికి కచ్చితమైన కారణం! ఇంకా తేలలేదు!" అని చదివి, అలవాటు చొప్పున ఆగాడు. కొట్టులో నలుగురైదుగురు ఉన్నారు, అందరి చేతుల్లోనూ రిపోర్టులే.

"కారణం తెల్దా?" అన్నాడు నా వైపు తిరిగి.

"తెలీదట మావా. నీళ్ళంటారు, మట్టంటారు, పురుగుమందులంటారు, ఎండంటారు. ఇదీ అని ఎవరూ తేల్చలేదు."

"మరి నాను ఏటి మానీమంటావో సెప్పు?"

అదీ ఆయన ప్రశ్న. ఆ రోజు నుంచి పోయేదాకా ఆయనకి ఉన్నదల్లా ఆ ఒక్క ప్రశ్నే.

భార్యని టెక్కలిలో చూపించాడు, విశాఖపట్నం తీసికెళ్ళాడు, చివరికి పలాసలోనే డయాలిసిస్ మీద కొన్నాళ్ళుండి ఆవిడ పోయింది. తర్వాత ఈయన అంకె పెరగడం మొదలెట్టింది. తన గురించి పెద్ద బెంగ లేదు. బెంగంతా కూతురి మీద. ఒక్కతే కూతురు, ఊళ్ళోనే మేనల్లుడికి ఇచ్చాడు. అదే నుయ్యి, అదే తోట, అదే గాలి. ఆ పిల్లకో గుంట, బడికెళ్ళే ఆడపిల్ల. "నా కత అయిపోనాదే. ఆలిద్దరికీ ఫలానాది మానీండని సెప్పి పోవాల. అదొక్కటి తెలిత్తే సాలు నాకు" అనేవాడు.

చెప్పేవాళ్ళు లేక, తనే ఒక్కొక్కటీ మానుకుంటూ వచ్చాడు. కాశీ వెళ్ళినవాళ్ళు ఇష్టమైంది వదిలేసి వస్తారు కదా, ఈయన ఇంట్లో కూర్చునే వదిలాడు. ముందు నూతి నీళ్ళు. తర్వాత ఒళ్ళు నొప్పుల బిళ్ళలు, అవి డాక్టరే మానమన్నాడు. తర్వాత భావనపాడు ఎండు చేపలు. అవంటే ఆయనకి ప్రాణం, అవి లేందే చల్ది ముద్ద దిగేది కాదు. తర్వాత నౌపడ ఉప్పు. "ఉప్పేం చేసింది మావా? తాతల్నాటి నుంచీ తింటున్నారు" అంటే, "సేసిందో నేదో ఎవుడికి తెల్సే? మానీత్తే ఓ పనయిపోద్ది" అన్నాడు. తోటలో మందు కొట్టడం మానాడు. ఆ ఏడు జీడిపూతంతా పురుగు తినేసింది. సొంత మళ్ళో పండిన బియ్యం అమ్మేసి బజారు బియ్యం వండించాడు. కూతురు నా దగ్గరికొచ్చి మొత్తుకుంది, "నాన్నకి మతి పోతందక్కా, నువ్వైనా సెప్పు" అని. నేనేం చెప్పను? తప్పని చెప్పడానికైనా తెలిసుండాలి కదా.

వచ్చినప్పుడల్లా గుమ్మంలోంచే ప్రకటన. "ఈ వారం! సింతపండు! మానీసినాను!" నవ్వొచ్చేది. నవ్వేదాన్ని, ఆయనా నవ్వేవాడు. అప్పుడు స్టూలు లాక్కుని కూర్చుని, "తియ్యే మన పుస్తకం" అనేవాడు. ఆ లైను దగ్గరికి వెళ్ళి, వేలి వెనక వైపుతో తెరని తాకి చూసేవాడు, పసిపిల్లకి జ్వరముందేమో చూసినట్టు. "అలగే ఉంది" అని లేచి, బయట జీడి ఫ్యాక్టరీ పొగలోకి నడిచి వెళ్ళిపోయేవాడు.

ఒక రోజు పేజీ తియ్యగానే ఆ చందా పెట్టె వచ్చింది. నేను ఇంటూ నొక్కబోతుంటే "ఉండవే" అన్నాడు. చదివాడు. మైకు గొంతుతో కాదు, లోపల్లోపల.

"ఈలు సందా అడగతన్నారు."

"ఏటా అడుగుతారు మావా. నొక్కేస్తే పోతుంది."

"నొక్కీడమేటే? గుమ్మంలోకొచ్చినోడి మొకం మీద తలుపేసీడం కాదేటి అది?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నీ మొహం! వాళ్ళెక్కడో దేశం కాని దేశంలో ఉన్నారు. వాళ్ళ దగ్గర బోలెడుందని అనేవాళ్ళున్నారు, లేదనేవాళ్ళున్నారు. నాకేం తెలుసు? వారం వారం పలాస రావడానికి ఆటోకి తడుముకుంటున్నావు నువ్వు. ముందు నీ సంగతి చూసుకో" అన్నాను.

"సరేగానీ, ఏడాది బట్టి ఈ పుస్తకం సదవతన్నానా లేదా?"

"చదువుతున్నావు."

"పులిహోర తినీసి సందా ఎగ్గొట్టినోణ్ణి ఏటంటారు మీ ఊళ్ళో?"

"ఇవ్వకపోయినా చదవనిస్తారు మావా. వాళ్ళ పద్ధతే అది."

"అందుకే మరీ ఇయ్యాల" అన్నాడు.

ఇంటూ మీంచి వేలు తీసేసాను. అప్పుడు ఆయన స్టూలు ఇంకాస్త ముందుకి జరుపుకుని, రహస్యం చెప్పినట్టు అన్నాడు. "ఇంకోటుందే. కట్టినోడు అడగొచ్చు."

"ఏమని?"

"కారణం ఎప్పుడు రాత్తారు అనీసి."

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. రామమందిరం, మర్నాటి లెక్కలు, లేచి నిలబడే హక్కు, అన్నీ ఒక్కసారి అర్థమైపోయాయి. "మావా, విను. వాళ్ళు కనిపెట్టేవాళ్ళు కాదు. ఇంకెవరో కనిపెడితే తెచ్చి రాసేవాళ్ళు. నువ్వెంత కట్టినా వాళ్ళ దగ్గర లేనిది ఎక్కణ్ణించి రాస్తారు?" అని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాను.

విన్నాడు. తల ఊపాడు. "సందా కట్టించుకున్నోడు ఏదో ఓ జవాబు సెప్పాల కదే. తెల్దంటే, ఎవుడికి తెల్సో ఆడి పేరైనా సెప్పాల కదా" అన్నాడు.

డబ్బు నా చేతిలో పెట్టి, నా ఫోనులోంచి పంపించమన్నాడు. కట్టేవారి పేరు దగ్గర ఆగి, "ఏం పేరు కొట్టమంటావు?" అంటే భార్య పేరు చెప్పాడు. సంబరంలో కూడా అంతేనట. తనిచ్చింది ఎప్పుడూ ఆవిడ పేరునే చదివేవాడట. మైకులో తన పేరు రాగానే ఆడవాళ్ళ మధ్యనున్న ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకునేదట. "అది సూడ్డానికే సదివీవోణ్ణే" అన్నాడు. అది చెప్తున్నప్పుడు మాత్రం ఆయన మొహంలో రోగం కనబడలేదు.

వెంటనే జవాబొచ్చింది. మిషను పంపే జవాబు, అందరికీ అదే. ఇంగ్లీషులో ఉంటే తెలుగు చేసి చెప్పాను. ఆవిడ పేరు పెట్టి, మీ మంచి మనసుకి కృతజ్ఞతలమ్మా, మీవంటి వారి వల్లే మేమున్నాం అని. పోయిన మనిషికి. ఆయన కండువాతో కళ్ళొత్తుకున్నాడు. "బాగా రాసినారు" అన్నాడు. కండువా భుజాన వేసుకుని, "కారణం గురించి ఏటన్నారు?" అన్నాడు.

"ఏమీ అనలేదు మావా."

"మనం అడగలేదు కదా. అడుగు."

ఆ పుస్తకంలో ప్రతి పేజీ వెనకా చర్చకి చోటుంటుంది. అక్కడ ఆయన చెప్తుంటే నేను కొట్టాను. మేము ఉద్దానం మనుషులం, చందా కట్టినవాళ్ళం, కారణం ఎప్పుడు రాస్తారు, ఈలోగా మా పిల్లలు ఏమి మానాలి అని. వారం వారం వచ్చి చూసుకున్నాడు. ఎవరూ పలకలేదు. అక్కడ ఎవరు చూస్తారో, అసలు చూస్తారో లేదో నాకూ తెలీదు.

ఈలోగా ఆయనకి డయాలిసిస్ మొదలైంది. మొహం ఉబ్బింది, చెప్పులు పట్టడం మానేసాయి. అయినా సూది పొడిపించుకుని తిన్నగా నా కొట్టుకే వచ్చేవాడు. ఒక రోజు, "ఎవుడైనా రాయొచ్చన్నావు కదే. నాను రాత్తాను" అన్నాడు. రాయించాడు. ఒక్కొక్కటీ చెప్పాడు, నేను కొట్టాను. మా ఇంటావిడ ఏమీ మానలేదు, పోయింది. నేను నూతి నీళ్ళు మానాను, ఎండు చేపలు మానాను, నౌపడ ఉప్పు మానాను, తోటకి మందు కొట్టడం మానాను, నాకూ వచ్చింది. కాబట్టి వీటిలో ఏ ఒక్కటీ మానితే సరిపోదని తెలియవలెను. ఆఖరి మాట ఆయనదే. "తెలియవలెను అని కొట్టు, బాగుంతాది" అన్నాడు. పేజీలో తన మాటలు కనబడగానే పిడికిలి గడ్డం దగ్గర పెట్టుకుని మొత్తం చదివాడు. చాలారోజుల తర్వాత ఆ గొంతు విన్నాను.

మళ్ళీ వచ్చేసరికి ఆ మాటలు లేవు. ఎవరో తీసేసారు. మర్యాదగానే రాసారు, ఆధారం చూపనందున తొలగించాము, ఆధారంతో మళ్ళీ చేర్చగలరు అని.

"ఆధారమంటే?"

"డాక్టర్లు రాసిన పుస్తకమో, పేపరో, ఏదో ఒకటి చూపించాలి మావా. నువ్వు చెప్తే చాలదు."

ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచాడు. డయాలిసిస్ సూదుల కోసం కోసి కలిపిన నరం మోచేతి కింద తాడులా ఉబ్బి, లోపల కొట్టుకుంటోంది. దాన్ని నా ముందు బల్ల మీద పెట్టాడు. "ఇది సాల్దేటి?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలీదు, తీసేసినవాడి మీదో, దేవుడి మీదో. "ఉండు మావా, మళ్ళీ పెడతాను. తీస్తే మళ్ళీ పెడతాను. ఎన్నిసార్లు తీస్తాడో చూద్దాం వెధవ!" అన్నాను.

"వద్దే" అన్నాడు. చొక్కా చెయ్యి నెమ్మదిగా కిందికి దించుకున్నాడు. "ఆడు సేసింది రైటే. నాను ఒప్పుకున్నానేటి బిల్లు లేకండా? మా తమ్ముడు ఆ దండలు నిజంగానే కొన్నాడే. అమ్మోరి మెళ్ళో నా కళ్ళతో సూసినాను. అయినా ఒప్పుకోలేదు. ఆడు ఏడిసినాడు, అయినా ఒప్పుకోలేదు. అలగ ఒప్పుకుంటే రేపు ఆకుమందు అమ్ముకునీవోడొచ్చి, ఇదే మందు అని రాసీత్తాడు. అప్పుడు జనం దాన్ని తాగి సస్తారు."

ఆయన అన్నది సబబే, నాకు తెలుసు. ఆ సబబు నాకు మింగుడు పడలేదు, ఇప్పటికీ పడదు. తిట్టడానికైనా ఒక మనిషి కావాలి కదా. ఆయన నాకు ఆ ఒక్కణ్ణీ మిగల్చలేదు.

ఆ తర్వాత ఆయన చదవడం మానేసాడు. అదీ ఒకటి మానాడన్నమాట. స్టూలు మీద గోడకి జారబడి, "నువ్వే సదువు" అనేవాడు. చదివేదాన్ని. "అలగే ఉందా?" "అలాగే ఉంది మావా." కళ్ళు మూసుకునేవాడు. ఒక రోజు ఆ కళ్ళు మూసుకునే చెప్పాడు. "ఇంక మానడానికి నా కాడ ఏటీ లేదే కోడలా. మొన్న గుంట అడిగింది, తాతా నువ్వెందుకు అన్నీ మానీసినావు అని. నీకోసమే అన్నాను. మరి నానేటి మానాల తాతా అంది. ఏటి సెప్పమంటావు?"

నేను కంప్యూటరులోకి తల దూర్చేసాను. కళ్ళు కనబడకుండా నీళ్ళు నిండిపోయాయి. ఆయనకి తెలిసే ఉంటుంది.

అటుపైన ఒక డయాలిసిస్ రోజు రాలేదు. ఎప్పుడూ ఆయన్ని ఎక్కించుకొచ్చే ఆటో అబ్బాయి ఒక్కడూ వచ్చి, "మీ మావ పోనాడక్కా" అన్నాడు. పన్నెండో రోజుకి వాళ్ళూరెళ్ళాను. పందిట్లో మగవాళ్ళు ఈసారి సంబరానికి పేర్లెవరు చదువుతారని మాట్లాడుకుంటున్నారు. ఎవరూ నేనంటే నేననలేదు. విస్తట్లో వాళ్ళ తోటలో కాయే, వాళ్ళ నూతి నీళ్ళే. అందరూ తిన్నారు, నేనూ తిన్నాను. తినక ఏం చేస్తాం?

అదీ, మొన్న నా వేలు కదలకపోవడానికి కారణం. ఆ పెట్టె ముందు చాలాసేపు కూర్చున్నాను. ఎందుకు కట్టాలి? ఆయన ఇచ్చాడు, ఏం ఒరిగింది? ఆ ప్రశ్నకి ఒక్కడు పలికాడా? అలాగని ఎలా కట్టకుండా ఉండను? తెలీనిది తెలీదని నిజాయితీగా రాసింది ఆ పుస్తకమొక్కటే. మిగతా అందరూ ఏదో ఒకటి చెప్పి మందులమ్మారు, మిషన్లమ్మారు, సీసాలమ్మారు. చివరికి కట్టాను. దయతో కాదు, భక్తితో కాదు, ఒళ్ళు మండి కట్టాను. పేరు దగ్గర ఆయన భార్య పేరే కొట్టాను. మీ మంచి మనసుకి కృతజ్ఞతలమ్మా అని మళ్ళీ వచ్చింది. మనసు తేలిక పడుతుందేమో అనుకున్నాను. ఏమీ పడలేదు.

నిన్న మిట్టమధ్యాహ్నం కూతురొచ్చింది, గుంటని వెంటబెట్టుకుని. వాళ్ళ నాన్న మరణ ధ్రువపత్రం కాపీలకనుకున్నాను. కాయితం బల్ల మీద పెట్టి, "రెండు తియ్యక్కా" అంది. మిషను మీద బోర్లించబోతూ పేరు చూసాను. ఆయనది కాదు. కూతురిదే, రక్తపరీక్ష రిపోర్టు. అంకె చూసాను. మొహం చూడకుండా ఉందామనుకున్నాను, చూసేసాను.

"మా నాన్న నీ కాడే కూకుని సదివీవోడు కదక్కా. ఆఖర్న నన్నేటి మానీమన్నాడు?" అంది.

పేజీ తీసి తెర ఆమె వైపు తిప్పాను. పదో తరగతి చదువుకుంది, పెదాలు కదుపుతూ తనే చదువుకుంది. ఆ లైను దగ్గర ఆగింది. "ఇంతేనా?" అంది.

"ఇంతేనమ్మా."

ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. "నా సంగతి సరే. మరి దీనికి?" అని బెంచీ వైపు చూసింది. గుంట ఎండన పడి వచ్చి, మొహమంతా కందిపోయి, కాళ్ళూపుకుంటూ కూర్చుంది. "అమ్మా, దాహమేత్తంది" అంది.

తల్లి సంచిలోంచి సీసా తీసింది. ఇంటి దగ్గర నింపుకొచ్చిన నీళ్ళు. మూత మీద చెయ్యి వేసి ఆగిపోయింది. మూలనున్న నా నీళ్ళ కేన్ వైపు చూసింది. నేనూ చూసాను. అందులో నీళ్ళు ఏ బోరులోవో, ఎవడు ఎలా వడగట్టాడో నాకు మాత్రం ఏం తెలుసు? "ఏది పట్టమంటావక్కా?" అంది. ఆమె నా వైపు చూస్తోంది, నేను ఆ సీసా వైపు చూస్తున్నాను, జెరాక్సు మిషను లైటు వేసుకుని కాయితం కోసం చూస్తోంది.

మేమిద్దరం ఏదీ తేల్చుకోకముందే గుంట బెంచీ దిగి వచ్చి, తల్లి చేతిలో సీసా లాక్కుని, మూత తీసి గటగటా తాగేసింది.